లెక్క తెలిసిన ఆశ

మన చేతిలో లేని ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూడవలసి వచ్చినప్పుడు మనసును ఎలా నిలుపుకోవాలో ఎవరూ నేర్పరు. పరీక్షకు ఎలా చదవాలో చెప్పేవాళ్ళు ఎందరో ఉంటారు. రాసి వచ్చాక ఫలితం వెలువడేదాకా ఆ రోజులు ఎలా గడపాలో చెప్పేవాళ్ళు అరుదు. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ అభిమానులు ఏటా సెప్టెంబరులో సరిగ్గా ఈ స్థితిలోనే ఉంటారు. ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది. రెండు లీగులు, లీగుకు మూడు డివిజన్లు, డివిజన్‌కు ఐదు జట్లు. డివిజన్‌లో మొదటి స్థానం దక్కితే సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్ ఖాయం. అది దక్కనివాళ్ళు వైల్డ్ కార్డ్ అనే మిగిలిన స్థానాల కోసం ఇతర డివిజన్ల జట్లతోనూ పోటీ పడాలి. తన జట్టు మొదటి స్థానానికి రెండు మూడు ఆటల దూరంలో ఉండగా సెప్టెంబరు వచ్చిందంటే అభిమానికి నిద్ర ముందూ పట్టికే, లేవగానే పట్టికే. పోటీ జట్టు ఎక్కడో రెండు వేల మైళ్ళ దూరంలో ఆడే ఆట కూడా తన సొంత వ్యవహారమైపోతుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో స్థిరపడి దగ్గర్లోని జట్టును తమదిగా చేసుకున్న తెలుగువాళ్ళకు ఈ తహతహ తెలుసు. అదే జట్టును హైదరాబాదులో ఉండి అనుసరించేవాళ్ళు న్యూయార్క్‌లో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట కోసం తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆశపడటం కూడా సాధనతో వచ్చే విద్యే. సాక్ష్యం ఎంత ఉందో ఆశ అంతే ఉండాలి, అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. సెప్టెంబరు అభిమాని చేసే పొరపాట్లు రెండు. వరుసగా నాలుగు గెలవగానే డివిజన్ మనదే అనుకోవడం ఒకటి, వరుసగా నాలుగు ఓడగానే అంతా అయిపోయిందనుకోవడం రెండోది. ఇవి ఎదురెదురుగా కనిపిస్తాయి కానీ రెండింటి వేరూ ఒకటే. నిన్నటి ఫలితాన్ని రేపటి జాతకంగా చదవడమే ఆ వేరు. దాన్ని పెకలించడం తెలిస్తే బేస్‌బాల్‌లోనే కాదు, మన చేతిలో లేని ఏ ఫలితం కోసం ఎదురుచూస్తున్నప్పుడైనా మనసు మన అదుపులో ఉంటుంది.

ఒక్క రాత్రి ఎంత చెబుతుంది?

ముందుగా ఒక్క ఆట ఫలితానికి ఎంత విలువ ఇవ్వాలో చూద్దాం. 2001లో సియాటిల్ మెరినర్స్ 116 ఆటలు గెలిచింది. అంతకు మించి గెలిచిన జట్టు ఇప్పటికీ లేదు. అలాంటి జట్టు కూడా ఆ ఏడాది 46 రాత్రులు ఓడి ఇంటికి వెళ్ళింది. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడింది. ఆధునిక బేస్‌బాల్‌లో అన్ని ఓటములు మరే జట్టూ చూడలేదు. ఆ జట్టు కూడా 41 ఆటలు గెలిచింది. అంటే అంత గొప్ప జట్టు నాలుగింట ఒకటికి పైగా ఓడుతుంది, అంత బలహీనమైన జట్టు నాలుగింట ఒకటి గెలుస్తుంది. మిగిలిన జట్లు దాదాపు అన్నీ ఈ రెండు అంచుల మధ్యే ఉంటాయి. పదింట ఆరు గెలిచే జట్టును తీసుకోండి. ఏడాదికి 97 విజయాలు, చాలా ఏళ్ళలో డివిజన్ గెలవడానికి చాలినన్ని. అలాంటి జట్టు ఏ మూడు వరుస ఆటలు తీసుకున్నా మూడూ ఓడే అవకాశం ఆరు శాతం పైనే ఉంటుంది. 162 ఆటల సీజన్‌లో అలాంటి వరుసలు ఐదారు రావడం మామూలు విషయం. అవి మే నెలలో వస్తే ఎవరూ పట్టించుకోరు. సెప్టెంబరులో వస్తే జట్టులో పస లేదని, గుండె ధైర్యం లేదని తీర్పులు వెలువడతాయి. ఆట మారలేదు, చూసేవాడి భయం మారింది. ఒక ఓటమిలో ఎంత సమాచారం ఉందో అంతే తీసుకోవడం, దానికి మన భయాన్ని కలపకపోవడం, ఇదే మొదటి పాఠం.

లెక్క ఎలా చూడాలి?

బేస్‌బాల్ అభిమాని చేతిలో ఒక మంచి పనిముట్టు ఉంది. దాన్ని మ్యాజిక్ నంబర్ అంటారు. 163 లోంచి మొదటి స్థానంలో ఉన్న జట్టు విజయాలనూ, వెంటాడుతున్న జట్టు ఓటములనూ తీసేస్తే వచ్చేదే ఆ అంకె. ముందున్న జట్టు గెలిచిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, వెనకున్న జట్టు ఓడిన ప్రతిసారీ మరొకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే డివిజన్ వచ్చినట్టే. అనుభవం ఉన్న అభిమానులు దీనితోపాటు ఓటముల గడిని ప్రత్యేకంగా చూస్తారు. వాన వల్లో షెడ్యూలు వల్లో ఒక జట్టు రెండు ఆటలు తక్కువ ఆడి ఉండవచ్చు. ఆ ఆటలు ఇంకా చేతిలో ఉన్నాయి కాబట్టి విజయాలు సంపాదించుకోవచ్చు, పడ్డ ఓటమిని మాత్రం ఎవరూ తుడవలేరు. పట్టికలో ఒక ఆట వెనకబడినట్టు కనిపించే జట్టు ఓటముల గడిలో సమానంగానే ఉండవచ్చు. ఇంత చిన్న లెక్క చాలు, గుండెదడలో సగం అనవసరమని తేలిపోవడానికి.

ఈ పనిముట్టును ఒక కఠినమైన ఉదాహరణ మీద పరీక్షించాలి. 2007 సెప్టెంబరు 12న న్యూయార్క్ మెట్స్ 83 గెలిచి 62 ఓడింది. వెనకున్న ఫిలడెల్ఫియా ఫిలీస్ 76 గెలిచి 69 ఓడింది. మెట్స్ ఏడు ఆటల ముందుంది, ఇంకా 17 ఆటలే మిగిలి ఉన్నాయి. 163 లోంచి 83, 69 తీసేస్తే 11. రెండు జట్లకూ కలిపి 34 ఫలితాలు రావలసి ఉండగా అందులో 11 మెట్స్‌కు అనుకూలంగా ఉంటే చాలు. ప్రతి ఆటనూ బొమ్మా బొరుసుగా భావించి లెక్క కట్టినా మెట్స్ డివిజన్ పోగొట్టుకునే అవకాశం సుమారు ఒక శాతమే. జరిగిందేమిటంటే మెట్స్ ఆ 17లో ఐదే గెలిచింది, ఫిలీస్ నాలుగే ఓడింది. ఐదూ నాలుగూ తొమ్మిది, రెండు తక్కువయ్యాయి. సెప్టెంబరు 30న చివరి ఆటలో, అదే ఏడాది 300వ విజయం అందుకున్న మెట్స్ పిచర్ టామ్ గ్లావిన్ మొదటి ఇన్నింగ్స్ పూర్తికాక ముందే ఏడు పరుగులు ఇచ్చాడు. ఫిలీస్ 89 విజయాలతో డివిజన్ గెలిచింది, మెట్స్ 88 దగ్గర ఆగిపోయింది. సెప్టెంబరు 12న "గెలిచేశాం" అన్న అభిమాని పొరపాటు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అతను తొంభై తొమ్మిదిని నూరుగా చదువుకున్నాడు.

రెండో పొరపాటుకు సాక్ష్యం 1978లో ఉంది. ఆ జూలైలో న్యూయార్క్ యాంకీస్ బోస్టన్ రెడ్ సాక్స్ కన్నా 14 ఆటలు వెనకబడింది. సెప్టెంబరు మొదటి పక్షంలో యాంకీస్ బోస్టన్ మైదానానికే వచ్చి నాలుగు ఆటల్లో 42 పరుగులు చేసి, తొమ్మిదే ఇచ్చి, నాలుగూ గెలిచింది. తర్వాత మొదటి స్థానమూ లాక్కుంది. జూలైలో యాంకీస్‌ను వదిలేసుకున్నవాళ్ళది తప్పని తేలింది. కథ అక్కడ ముగియలేదు. పని అయిపోయిందనుకున్న రెడ్ సాక్స్ చివరి 14 ఆటల్లో 12 గెలిచింది, వాటిలో ఆఖరి ఎనిమిదీ వరుసగా. రెండు జట్లూ 99 విజయాల దగ్గర సమానమయ్యాయి. అక్టోబరు 2న జరిగిన అదనపు ఆటలో బకీ డెంట్ హోమ్ రన్‌తో యాంకీస్ 5–4 తేడాతో గెలిచింది. ఒకే సీజన్‌లో ఒకే రెండు జట్ల విషయంలో తొందరపాటు తీర్పులు రెండువైపులా తప్పాయి. 2025లో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ వచ్చింది. జూలై మొదట్లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ వరుసగా పది ఓడి డెట్రాయిట్ టైగర్స్‌కు 15½ ఆటల వెనకకు జారింది. సీజన్ ముగిసేసరికి క్లీవ్‌లాండ్ 88, డెట్రాయిట్ 87. అంత దూరం నుంచి వచ్చి డివిజన్ గెలిచిన జట్టు చరిత్రలో మరొకటి లేదు. ఆ వెంటనే వైల్డ్ కార్డ్ సిరీస్‌లో అదే డెట్రాయిట్ అదే క్లీవ్‌లాండ్‌ను ఓడించి ముందుకు వెళ్ళింది. చివరి తీర్పు అనుకున్నది కూడా చివరిది కాలేదు.

అయితే లెక్క దేనికి?

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. ఒక శాతం అవకాశం ఉన్నది కూడా జరుగుతున్నప్పుడు ఇక లెక్కలెందుకు, ఏదైనా జరగవచ్చనుకుంటే పోలేదా? దీనికి జవాబు లెక్కలోనే ఉంది. 1995 నుంచి 2025 వరకు ఏటా ఆరు డివిజన్ల చొప్పున 180కి పైగా పోటీలు ముగిశాయి. అన్ని పోటీలు జరిగితే నూటికి ఒకటిగా జరగవలసినది ఒకటి రెండుసార్లు కళ్ళబడకపోతేనే ఆశ్చర్యపోవాలి. మనకు గుర్తుండేవి ఆ ఒకటీ రెండే. సెప్టెంబరు నడుమ ఏడు ఆటల ముందుండి, నిశ్శబ్దంగా గెలిచి వెళ్ళిపోయిన జట్ల గురించి ఎవరూ పుస్తకాలు రాయరు. కాబట్టి మెట్స్ పతనం లెక్కను అబద్ధం చేయలేదు. లెక్క చెప్పినది జోస్యం కాదని మాత్రమే గుర్తుచేసింది. ఏదైనా జరగవచ్చు అనే మాట నూటికి ఒకటినీ నూటికి యాభైనీ ఒకే గాటన కట్టేస్తుంది. అలా కట్టేసినవాడికి ఎప్పుడు సంతోషించాలో, ఎప్పుడు నష్టానికి సిద్ధపడాలో తెలియదు. అందుకే ప్రతి ఆటకూ ఒకే స్థాయిలో వణుకుతాడు.

రెండో ఆక్షేపణ అభిమానం తరఫున వస్తుంది. ప్రేమకు లెక్కలేమిటి, అంకెలు చూస్తూ కూర్చుంటే ఆటలో రసం ఇంకిపోదా అని. బేస్‌బాల్ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. ఆట ఫలితాన్ని గడులుగా, అంకెలుగా అచ్చువేసే పద్ధతిని హెన్రీ చాడ్విక్ 19వ శతాబ్దంలోనే తీర్చిదిద్దాడు. రేడియో లేని కాలంలో అభిమానులు ఆ అంకెలు చదివే ఆటను కళ్ళ ముందు కట్టుకున్నారు. బేస్‌బాల్ పరిశోధన కోసం 1971లో కూపర్స్‌టౌన్‌లో సంఘం పెట్టుకున్నవాళ్ళు ఆటను ప్రేమించేవాళ్ళే. మ్యాజిక్ నంబర్ తెలిసిన మనిషికి 2–1 ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్ చప్పబడదు. ఆ ఆట గెలిస్తే అంకె ఎంతకు తగ్గుతుందో తెలుసు కాబట్టి ఆ ఉత్కంఠకు ఒక రూపం వస్తుంది. లెక్క తీసేసేది ఉత్కంఠను కాదు, గాలిలో మేడలనూ లేనిపోని భయాలనూ.

మూడోది తెలివైనవాళ్ళు చెప్పే మాట. ముందే చెడు ఊహించుకుంటే దెబ్బ తగలదు కదా అని. ఇది రక్షణగా కనిపిస్తుంది కానీ లోపల బోలు. ఓడిపోతామని ముందే తేల్చుకోవడం వినయం కాదు, అదీ సాక్ష్యం లేని జోస్యమే. బోస్టన్ అభిమానుల్లో తరతరాలుగా ఇలాంటి నిరాశ పాతుకుపోయింది. 1918 తర్వాత ప్రపంచ సిరీస్ రాకపోవడాన్ని శాపమని చెప్పుకునేవారు. 2004 ప్లేఆఫ్స్‌లో యాంకీస్ మీద సిరీస్‌లో మొదటి మూడు ఆటలూ ఓడాక ఆ నమ్మకం రుజువైనట్టే కనిపించింది. అలా 0–3 నుంచి సిరీస్ గెలిచిన జట్టు అప్పటివరకు మేజర్ లీగ్‌లో లేదు. రెడ్ సాక్స్ మిగిలిన నాలుగూ గెలిచింది, ప్రపంచ సిరీస్ కూడా గెలిచింది. శాపం అనే మాట అన్నేళ్ళపాటు వాళ్ళ బాధను తగ్గించలేదు, బాధకు ముందున్న మంచి రోజులను మాత్రం చేదు చేసింది. ఇక భయం వల్ల జరిగే నష్టం చూడాలంటే 1964 ఫిలీస్‌ను చూడాలి. 12 ఆటలు మిగిలి ఉండగా 6½ ఆటల ముందున్న ఆ జట్టు వరుసగా పది ఓడింది. ఆ రోజుల్లో మేనేజర్ జీన్ మాక్ తన ప్రధాన పిచర్లు జిమ్ బన్నింగ్, క్రిస్ షార్ట్‌లను రెండు రోజుల విశ్రాంతితోనే మళ్ళీ దింపాడు. ఓటములన్నింటికీ అదొక్కటే కారణమనడం అన్యాయం. అయినా అలవాటైన పద్ధతిని కంగారులో వదులుకుంటే ఏమవుతుందో చెప్పడానికి బేస్‌బాల్ లోకం ఈనాటికీ ఆ నిర్ణయాన్నే తలుచుకుంటుంది.

దెబ్బ ఎక్కడ తగులుతుంది?

ఆశ కొలత తప్పితే నష్టపోయేది అభిమాని ఒక్కడే కాదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ 2011లో ప్రచురించిన అధ్యయనం అమెరికన్ ఫుట్‌బాల్ ఫలితాలను, పోలీసులకు అందిన గృహహింస సమాచారంతో పోల్చి చూసింది. గెలుస్తుందనుకున్న స్థానిక జట్టు ఓడిన రోజుల్లో, ఇంట్లో స్త్రీల మీద పురుషుల దాడులు సుమారు పది శాతం పెరిగాయి. పోటాపోటీగా ఉంటుందనుకున్న ఆటలో ఓడినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. ఓడుతుందనుకున్న జట్టు గెలిచినప్పుడు హింస తగ్గనూ లేదు. ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. హింసకు పూర్తి బాధ్యత చేసినవాడిదే, ఆటది కాదు. కానీ ఆ కోపాన్ని రగిలించింది ఓటమి ఒక్కటే కాదు, ఊహించుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న దూరం. ఆశను సాక్ష్యానికి సరిపడా కొలుచుకోవడం ఇంటిల్లిపాది శాంతికి సంబంధించిన విషయమని దీనివల్ల తెలుస్తుంది.

గెలుపు విషయంలోనూ మన ఊహ పొంగిపోతుంది. టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్, వారి సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో కళాశాల ఫుట్‌బాల్ అభిమానులను అడిగారు, మీ జట్టు గెలిస్తే ఆ సంతోషం ఎన్నాళ్ళుంటుందని. వాళ్ళు ఊహించినంత కాలం అది నిలవలేదు. రాబోయే రోజుల్లో తాము చేయబోయే మిగతా పనులను ముందుగా తలచుకున్నవాళ్ళ ఊహలు మాత్రం వాస్తవానికి దగ్గరగా ఉన్నాయి. మనం ఫలితాన్ని ఊహించుకునేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే చూస్తాం, దాని చుట్టూ ఉండే జీవితాన్ని చూడం. చూడటం మొదలుపెట్టగానే గెలుపూ ఓటమీ రెండూ తమ సహజ పరిమాణానికి వస్తాయి.

ఆచరణ

ఇప్పుడు సెప్టెంబరును ఎలా గడపాలో చెప్పుకుందాం. పట్టికను రోజూ పదిసార్లు చూడకండి. వారానికొకసారి, ఆదివారం ఆటలు ముగిశాక, ఒక కాగితం తీసుకుని ఓటముల గడి, మిగిలిన ఆటలు, మ్యాజిక్ నంబర్ రాయండి. రెండు జట్ల మధ్య ముఖాముఖి లెక్క కూడా రాయండి. 2022 నుంచి సమానమైన జట్లకు అదనపు ఆట పెట్టడం లేదు, ముందుగా ముఖాముఖి ఫలితాలే చూస్తారు. 2025లో టొరంటో, యాంకీస్ రెండూ 94 విజయాలతో ముగిస్తే, యాంకీస్ మీద 8–5 ఆధిక్యం ఉన్న టొరంటోకే డివిజన్ దక్కింది. తర్వాత మీ జట్టు గెలిచే అవకాశం నూటికి ఎంతని మీకనిపిస్తుందో రాయండి. సున్నా అనీ నూరు అనీ రాయకండి. వారం తర్వాత ఆ అంకెను మార్చవలసి వస్తే ఏ సాక్ష్యాన్ని బట్టి మారుస్తున్నారో పక్కనే రాయండి. "నిన్న ఓడారు" అన్నది చాలదు. ప్రధాన పిచర్ గాయపడ్డాడు, మిగిలిన సిరీస్‌లన్నీ బలమైన జట్లతో ఉన్నాయి, ఇలాంటివి సాక్ష్యాలు. ఒక్కో ఆటను కాకుండా మూడు నాలుగు ఆటల సిరీస్‌ను ఒక యూనిట్‌గా చూడండి. మూడింట రెండు గెలిస్తే ఆ సిరీస్ మంచిదే, ఓడిన ఆ ఒక్క రాత్రి గురించి ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర లేదు.

అక్టోబరు మొదటి వారంలో మీరు చేయబోయే పనులను ఇప్పుడే రాసి పెట్టుకోండి. పిల్లల పాఠశాల పనో, ఆఫీసు గడువో, ఊరి నుంచి వచ్చే చుట్టాలో, జట్టు గెలిచినా ఓడినా జరగవలసినవన్నీ అందులో ఉండాలి. విల్సన్, గిల్బర్ట్ అధ్యయనంలో కొలతను సరిచేసింది ఇదే. బాధ కలిగించిన ఓటమి తర్వాత అరగంటసేపు ఎవరితోనూ ఆట గురించి వాదించకండి, ఏ నిర్ణయమూ తీసుకోకండి. హైదరాబాదులో తెల్లవారుజామున లేచి చూసేవాళ్ళకు నిద్రలేమి కూడా తోడవుతుంది కాబట్టి ఈ నియమం మరీ అవసరం. ఆట జరుగుతున్నంతసేపు మాత్రం పూర్తిగా ఆటలోనే ఉండండి. అప్పుడు లెక్క పక్కన పెట్టేయవచ్చు, అది కాగితం మీద భద్రంగా ఉంది.

ఇంత చేసినా ఫలితం మీకు దక్కకపోవచ్చు. 1993లో శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ 103 ఆటలు గెలిచింది. అదే డివిజన్‌లో అట్లాంటా బ్రేవ్స్ 104 గెలిచింది. అప్పటికి వైల్డ్ కార్డ్ లేదు, చివరి రోజున జయంట్స్ ఓడి ఇంటికి వెళ్ళింది. ఆ 103 విజయాలు వృథా అయ్యాయా? ఒక్క పట్టికనే కొలమానంగా పెట్టుకున్నవాడికి వృథానే. ఆ వేసవి అంతా కొలత తప్పకుండా ఆశపడి, ప్రతి సిరీస్‌నూ దాని విలువకు తగ్గట్టు ఆస్వాదించినవాడికి ఆరు నెలల మంచి ఆట దక్కింది, ఆ ఒక్క రోజు దాన్ని వెనక్కి తీసుకోలేదు. వీసా లాటరీ ఫలితం కోసమైనా, ర్యాంకు కోసమైనా, వైద్య పరీక్షల నివేదిక కోసమైనా ఎదురుచూసే మనిషి చేయవలసింది ఇదే. ఉన్న సాక్ష్యాన్ని రాసుకోండి, అవకాశాన్ని నిజాయితీగా కొలవండి, కొత్త సాక్ష్యం వస్తేనే ఆ కొలతను మార్చండి, ఫలితం ఎటు వచ్చినా చేయవలసిన పనులను ఈరోజే మొదలుపెట్టండి. ఈ క్రమశిక్షణ ఫలితాన్ని మార్చలేదు. ఎదురుచూసే రోజులను మాత్రం మీ జీవితంలోంచి కొట్టుకుపోనివ్వదు, అవి కూడా మీరు బతకవలసిన రోజులే.